పెరటి కొబ్బరికి ఎర్రముక్కు గండం

అంబాజీపేట: ఇంటి చుట్టూ నాలుగు కొబ్బరి చెట్లు లేని గడప కోనసీమలో అరుదు. వేసవిలో నీడకు, పండుగకు కాయకు, పందిరికి మట్టకు ఆధారమైన ఆ చెట్లే ఇప్పుడు కొన్ని ఇళ్లవారికి దిగులుగా మారాయి. గాలి లేదు, వాన లేదు. పచ్చగా కనిపిస్తున్న చెట్టు మొవ్వు ఉన్నట్టుండి ఒరిగి, గెలలతో సహా పెంకుటింటిపైనో, పశువుల పాకపైనో, విద్యుత్ తీగలపైనో పడుతుంది. పడిన తలను చీల్చి చూస్తే లోపల కుళ్లిన పీచు, అందులో కాళ్లు లేని బొద్దు పురుగులు కనిపిస్తాయి. ఎర్రముక్కు పురుగు లోలోపల చేసిన పని అది.

విచారించదగిన విషయం ఏమిటంటే, ఇంటివారి భయం మాత్రం వేరొక పురుగుపై ఉంది. 2016లో తమిళనాడులో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ అనతికాలంలోనే గోదావరి జిల్లాలకు పాకింది. ఆకుల అడుగున తెల్లని వలయాలు, పైన మసి పూసినట్లు నల్లని బూజు చూసి చెట్టు పోయిందనుకునేవారు ఎందరో. నిజానికి తెల్లదోమ దిగుబడిని తగ్గిస్తుందే గాని చెట్టును చంపడం అరుదు. తొందరపడి ఘాటైన మందులు కొడితే దానిని అదుపు చేసే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు నశించి, దోమ మరింత పెరుగుతుంది. చెట్టును చంపే ఎర్రముక్కు పురుగు బయటికి కానరాదు. గుడ్డు మొదలు ప్యూపా వరకు మానులోనే గడుపుతుంది.

దారి చూపేది కొమ్ము పురుగు

ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టేందుకు చెట్టుపై గాయం వెతుక్కుంటుంది. ఆ గాయాన్ని చాలాసార్లు కొమ్ము పురుగు చేసి పెడుతుంది. తలపై కొమ్ముతో, నల్లగా ఉండే ఈ పెంకు పురుగు మొవ్వులోకి తొలుచుకుపోతుంది. విప్పారిన ఆకు కత్తెరతో కోసిన విసనకర్రలా కనిపిస్తే అది దీని గుర్తు. రంధ్రం వద్ద నమిలిన పీచు బయటికి వచ్చి ఉంటుంది.

కొమ్ము పురుగు పుట్టేది చెట్టుపై కాదు, పెరటి పెంటకుప్పలో. పిల్ల పురుగులు నెలల తరబడి పేడలో, కుళ్లిన మొద్దుల్లో పెరుగుతాయి. ఒక ఇంట్లో ఎంత శ్రద్ధ తీసుకున్నా, పక్క దొడ్డిలో ఏడాదిగా కదపని కుప్ప ఉంటే ప్రయోజనం ఉండదు. కుప్పను తరచూ తిరగవేసి, కనిపించిన పురుగులను ఏరి చంపాలి. కోళ్లు ఉన్న ఇంట ఆ పని సగం అవే చేస్తాయి. మెటారైజియం శిలీంధ్రాన్ని కుప్పలో కలిపితే మిగిలినవి రోగం తగిలి చస్తాయి. చెట్టుపై చేరిన పురుగును ఇనుప కొక్కెంతో లాగివేసి, మొవ్వు దగ్గరి మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయాలి. చిన్న చెట్లకు కలరా ఉండలు పెట్టి పైన ఇసుక కప్పడం కూడా వాడుకలో ఉంది.

మిగిలిన గాయాలు మనుషులు చేసేవే. దుస్తుల తీగకు మేకు కొట్టడం, ఎక్కడానికి మానుపై గాట్లు పెట్టడం, పెళ్లి పందిరికి పచ్చి మట్టలను మొదలంటా నరకడం పరిపాటి. పచ్చి మట్ట కొట్టక తప్పకపోతే సుమారు 4 అడుగుల కాడ వదిలి కొట్టాలి.

చెవి పెట్టి వినాలి

మానుపై చిన్న రంధ్రాలు, వాటినుంచి కారే ముదురు గోధుమ రంగు జిగురు, అంటుకున్న పీచు కనిపిస్తే ఉపేక్షించరాదు. మానుకు చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. 5 నుంచి 20 ఏళ్ల వయసు చెట్లకే ఈ బెడద ఎక్కువ. లోపలి ఆకులు పసుపు రంగుకు తిరిగాయంటే సమయం దగ్గరపడినట్లే. ఈ దశకు ముందే గుర్తిస్తే, కింది రంధ్రాలను మట్టితో మూసి, పై రంధ్రంలో లీటరు నీటికి 1 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ కలిపిన ద్రావణం పోసి మూసివేస్తే చెట్టు బతికే అవకాశం ఉంది. మందు వేసే ముందే కాయలన్నీ దింపివేయాలి. ఒకప్పుడు వేరు ద్వారా ఎక్కించిన మోనోక్రోటోఫాస్‌ను నిలిపివేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు తిరిగే పెరట్లో పాత సీసాల జోలికి వెళ్లరాదు.

మొవ్వు వాలిన చెట్టుకు చికిత్స లేదు. అటువంటి చెట్టుపైకి దింపు కార్మికుడిని ఎక్కించడం ప్రాణాలతో చెలగాటమే. తాళ్లు కట్టి, తీగలు దగ్గరగా ఉంటే విద్యుత్ సిబ్బందితో సరఫరా నిలిపించి కూల్చాలి. తలను చీల్చి పురుగులను కాల్చివేయాలి. పని సగంలో ఆగేది ఇక్కడే. కూల్చిన మానును గోడ పక్కన దొర్లించి వదిలేస్తారు, లేదా పంట బోదెపై వంతెనగా వేస్తారు. 1996 నవంబరు తుపానులో లక్షలాది చెట్లు నేలకూలిన ఈ సీమలో కుళ్లే మాను కొత్త కాదు. అది కొమ్ము పురుగుకు పెంటకుప్పతో సమానం.

ఎర్రముక్కు పురుగును ఆకర్షించే లింగాకర్షక బుట్ట హెక్టారుకు ఒకటి సరిపోతుంది. అంటే ఒక ఇంటికి అది అవసరానికి మించినది. పైగా బుట్ట వాసనకు వచ్చిన పురుగులన్నీ అందులో పడవు, కొన్ని పక్కనున్న చెట్టుపై వాలతాయి. వీధివారంతా కలిసి ఇళ్లకు, లేత చెట్లకు దూరంగా ఒక బుట్ట పెట్టుకోవడం మేలు. ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఎర మార్చాలో మండల ఉద్యాన అధికారిని గానీ, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలోని శాస్త్రవేత్తలను గానీ అడిగి తెలుసుకోవచ్చు.