చదువదగిన గ్రంథములు

“వేదాంతమును చరిత్రమును పండితులకు గాని, వంటయింటి పనులతో ప్రొద్దు గడుపు మనకేల?” యని కొందరు సోదరీమణులు మమ్మడుగుచుందురు. కాఠిన్యము విషయమునందు గాక, మొదటనే పెద్ద వ్యాఖ్యానములను చేతబట్టుటయం దున్నదని మా యభిప్రాయము. కావున మూడు మెట్లు సూచించుచున్నాము.

మొదటిది చరిత్రము. రాజవంశముల పట్టికలతో నారంభింపక, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చదువుడు. వారు 1830లో చెన్నపట్టణమున బయలుదేరి, మా కడప మీదుగా కాశికేగి, 1831లో మరలివచ్చిరి. త్రోవలోని ఊళ్లు, సత్రములు, ప్రజల యాచారములు అందు గానవచ్చును. ఆనాటి కచ్చేరీ మాటలు కొన్ని తెలియకున్నను ఆగవలదు. పోనుపోను అవియే తెలియును.

రెండవది సాహిత్యము. మొల్లను గోపవరపు ఆడపడుచుగా మా జిల్లావారు చెప్పుకొందురు. వినువారికి తెలియని మాటలతో కావ్యము చెప్పుట తగదని ఆమె పీఠికలోనే నుడివినది. ఆమె రామాయణమున సుందరకాండమును ముందుగా చదువుడు. కథ తెలిసినదే గనుక పద్యము తానే దారి చూపును.

మూడవది వేదాంతము. కడపలో కొలువు చేసిన బ్రౌనుదొర 1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. వేమన పేర స్త్రీలను నిందించు పద్యములును గలవు. వానికి తలయూపనక్కరలేదు, న్యాయమా కాదా యని విచారింపుడు. ఆ విచారణయే వేదాంతమునకు తొలిమెట్టు. పిమ్మట తరిగొండ వెంగమాంబగారు ద్విపదలో రచించిన వాసిష్ఠ రామాయణమును చదువవచ్చును. సంస్కృత యోగవాసిష్ఠమున చూడాల యను రాణి తన భర్తయైన శిఖిధ్వజునకు జ్ఞానముపదేశించిన కథ యున్నది. భర్తకు గురువైన స్త్రీ గల శాస్త్రము స్త్రీలకు పరాయిది యెట్లగును?

మా పట్టణమున బ్రౌను బంగళా యుండిన చోటనే నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రమును గ్రంథాలయమును గలవు. మీ యూరి గ్రంథాలయమున నడుగుడు. దొరకకున్న నలుగురు కూడి యొక ప్రతి కొనుడు. ఒకరు చదువగా ముగ్గురు బియ్యమేరుచు వినవచ్చును. దినమునకు నాలుగు పుటలు చాలును. ఇంటనున్న ఆడపిల్లచే బిగ్గరగ చదివించినచో, మనకు వచ్చిన సందేహము రేపు ఆమెకు రాదు.