నోటిని ఎరిగిన యంత్రం

మాటను విని అక్షరాలుగా మార్చే యంత్రాలు చేతిఫోనులలోకి వచ్చి చేరాయి. హోసూరు, బళ్ళారి, రాయగడ, చంద్రపూర్‌ల తెలుగును అవి అందుకోలేకపోతే మన పిల్లలు వాటితో ఆంగ్లంలోనో, రాష్ట్రభాషలోనో మాట్లాడతారు. అమ్మనుడికి మరొక తలుపు మూసుకుంటుంది. కనుక ఇది మన సమస్య కూడా.

నేటి యంత్రాలు ప్రధానంగా విని నేర్చుకుంటాయి. 2022లో వెలువడిన విస్పర్‌కు 6,80,000 గంటల ముద్రణలు వినిపించారు. అందులో సగానికి పైగా ఆంగ్లమే. ఇరుగుపొరుగు భాషలతో కలిసి పెరిగిన మన పలుకుబడికి అన్ని ముద్రణలు ఎక్కడి నుంచి తేగలం?

మరొక దారి ఉన్నది. మాట పుట్టేది నోటిలో. పెదవులు, నాలుక, అంగిలి కదలికలను కూడా యంత్రానికి నేర్పవచ్చు. అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలలో బ్రౌమన్, గోల్డ్‌స్టీన్ 1980లలో ఈ చూపుకు పునాది వేశారు. 'పర్‌ఫెక్ట్ మెమరీ' అని వడిగా పలికినప్పుడు టకారం చెవికి అందలేదు. అయినా ఎక్స్‌రే కొలతలలో నాలుక కొన దానికోసం పైకి లేవడం కనిపించింది. మకారానికి మూసుకున్న పెదవులు ఆ శబ్దాన్ని కప్పివేశాయి.

మన మాటలనే చూడండి. ఒకరు కండ్లు అంటారు, మరొకరు కళ్ళు అంటారు. వినికిడికి ఇవి వేరు. కాని రెండింటిలోనూ నాలుక కొన పైకి మడిగి అంగిలిని తాకుతుంది. ముఖ్యమైన తేడా గాలి ముక్కుగుండా పోవడంలో, నాలుక పక్కలనుంచి జారడంలో ఉన్నది. ఇది ఎరిగిన యంత్రానికి మన రూపం తప్పుగా కాక దగ్గరి చుట్టంగా తోస్తుంది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని పుట్టుకచోటును బట్టి అక్షరాలను పేర్చుకున్న మనకు ఈ ఆలోచన కొత్తది కాదు.

ముద్రణలు పెంచితే చాలునని వాదించేవారున్నారు. పెద్ద భాషల విషయంలో వారి మాట చాలావరకు నెగ్గింది. నాలుక కదలికలను కొలవడం ఖర్చుతో కూడిన పని అన్నదీ నిజమే. అయితే నోటి కట్టడి మనుషులందరికీ దాదాపు ఒకటే. ఒక భాషలో కొలిచినది మరొక భాషకు ఆసరా కాగలదు. ముద్రణలు కొద్దిగా ఉన్న నుడికి ఆ ఆసరా మరింత అవసరమని నా అభిప్రాయం.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వాణి పథకం ద్వారా జిల్లాలవారీగా పలుకులను సేకరించడానికి పూనుకున్నది. ఇటువంటి సేకరణలలో సరిహద్దు జిల్లాల తెలుగుకు చోటు అడుగుదాం. ఇంటి పెద్దల మాటలను వారి అనుమతితో, పుస్తకభాషగా దిద్దకుండా, ఊరి పేరుతో సహా ముద్రించి ఉంచుదాం.