ప్రతి పొక్కూ అమ్మవారు కాదు

మా నెమలి ప్రాంతమున బిడ్డ ఒంటిపై ఎర్రని పొక్కులు కనిపించగానే అమ్మవారు పోసినదని గుమ్మమునకు వేపమండలు కట్టి, ఇంట తాలింపు మానివేయుదురు. ఆచారమును నేను ఆక్షేపింపను. కాని గడచిన రెండు వారములలో బిడ్డ ఏ మందు మింగినదని అడుగువారు అరుదు. విరేచనములకు సల్ఫా మాత్రలు వాడిన ఒక బాలునకు ఎనిమిదవ నాడు రొమ్ముపై పొక్కులు లేచినవి. ఇంటివారు వేపమండలు కట్టి, ఆ మాత్రలనే మరి మూడు దినములు మింగించిరి!

తట్టును మాధవనిదానము రోమాంతిక యన్నది. ముందు జ్వరము, దగ్గు, అరుచి, పిదప పొక్కులు. ఈ క్రమమే ముఖ్యము. ముక్కు కారి, కన్నులు ఎర్రబారి, 3, 4 దినములకు చెవుల వెనుక, ముఖముపై మొదలై పొక్కులు క్రిందికి దిగును. మందు వలన వచ్చునవి తరచు మొండెముపై మొదలై దురద పెట్టును. అమాక్సిసిలిన్, మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ కూడ ఇట్టివే. మూలికామందులకును ఈ దోషము కలదు. ఆయుర్వేద వైద్యుడనైనను దాచను. డెంగ్యూ జ్వరమునను ఒళ్లు ఎర్రబారవచ్చును. కనుక చూపుతోనే తేల్చరాదు.

అనుమానము కలిగినచో వాడిన మందులన్నియు వెంట తీసికొని ఆనాడే వైద్యుని చూడవలెను. మూర్ఛమందును మాత్రము తమంతట తాము ఆపరాదు. నోట పుండ్లు, కండ్లమంట, ముఖము వాపు, చర్మము ఊడుట, ఆయాసము కనిపించినచో పసరులు పూయుచు కూర్చొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను. తట్టే యైనచో అచ్చట విటమిన్-ఏ వరుసగా రెండు దినములు ఇత్తురు. బిడ్డకు 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుండి 24 నెలల నడుమ మరొకటి తట్టు టీకా ప్రభుత్వము ఉచితముగా వేయుచున్నది.