గ్రాముల లెక్క, తలల లెక్క

మన ఆడవాళ్ళకు బంగారం లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్ళినాటి గొలుసు ఎన్ని తులాలో, తరుగు ఎంత పోయిందో, ఏ ఏడాది ఏ కష్టానికి ఏ గాజు తాకట్టుకు వెళ్ళిందో అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాం. అంత లెక్క తెలిసిన మనం, పిల్లల్ని వెంటబెట్టుకుని కృష్ణ దాటేటప్పుడు పుట్టిలో ఎంతమంది ఎక్కారో మాత్రం లెక్కపెట్టం. ఆ సంగతే ఇవాళ కొంచెం గట్టిగా మాట్లాడదామని.

ఈ రెండు లెక్కలూ ఒకచోట కలవడానికి కారణం మా అక్క కొడుకు. వాడు ఫోన్లో ఏవో విదేశీ వీడియోలు చూస్తుంటాడు. చెట్టూ చేమా లేని ఎడారి, మధ్యలో ఒక నది. గాలి నింపిన చిన్న పడవలో ఇద్దరు వెళ్ళి, దారిలేని ఇసుకమేట మీద దిగి, పళ్ళెంలో ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుతారు. అది చూసి వాడు, "చిన్నమ్మా, మన దిక్కు గూడ ఎండిన నేలనే గద. మన కృష్ణల దొర్కదా?" అన్నాడు.

నవ్వి కొట్టిపారేసే ప్రశ్న కాదది. రాయచూరు జిల్లా హట్టిలో బంగారు గని నేటికీ నడుస్తోంది. కర్నూలు జిల్లా జొన్నగిరి పేరు బంగారానికీ, తొలకరి వానలకు జనం చేలల్లో వజ్రాలు వెతకడానికీ అందరికీ తెలిసిందే. మన దగ్గరి ఒక రాతిపొరల పట్టీకి భూగర్భ శాస్త్రవేత్తలు గద్వాల పేరే పెట్టారు, అందులోనూ బంగారం జాడలు వెతికారు. వాగుల ఇసుక కడిగి, కంసాలి అంగళ్ళ దుమ్ము కడిగి బంగారం తీసేవాళ్ళను మన భాషలో జలగడుగువాళ్ళు అనేవారు. ఒక పని మీద ఒక కులానికి పేరు వచ్చిందంటే, ఆ పని మీద కొన్ని కుటుంబాలు బతికాయన్నమాటే కదా.

ఆ పని మనకు తెలియనిదీ కాదు. బియ్యం గాలిస్తాం చూడండి, అదే. గిన్నెను గుండ్రంగా తిప్పుతూ నీళ్ళతో పాటు బియ్యాన్ని వంపితే రాళ్ళు అడుగున మిగులుతాయి. ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు, బంగారం 19 రెట్ల పైమాటే. అందుకే ఇసుక కొట్టుకుపోయినా బంగారం అడుగున ఉండిపోతుంది. మనం రాళ్ళు పారేసి బియ్యం ఉంచుకుంటాం, వాళ్ళు ఇసుక పారేసి అడుగున ఉన్నది ఉంచుకుంటారు. రెండింటికీ మాట ఒక్కటే, గాలించడం.

కానీ ఎంత దొరుకుతుంది? యంత్రాలు పెట్టి తవ్వే గనుల్లోనే టన్ను రాయికి వచ్చేది కొన్ని గ్రాములు. ఇక పళ్ళెంతో రోజంతా వంగి కడిగినవాడికి మిగిలేది నడుంనొప్పి. పైగా భూమిలోని బంగారం ప్రభుత్వానిది, అనుమతి లేకుండా ఎవరికి వారు తీసుకునేది కాదు. ఇవన్నీ వాడికి చెప్పాను. "సరే, ఎట్ల పోతవ్ ఆడికి?" అని కూడా అడిగాను. "పుట్టిల పోత" అన్నాడు, ఆటోలో పోతానన్నంత తేలిగ్గా.

నాకు భయం వేసింది బంగారం మాటకు కాదు, ఆ తేలికదనానికి. బంగారు రేణువులు ఆగేది నది వంపుల్లో, బండల వెనక, రాతి పగుళ్ళలో. నీళ్ళు సుడి తిరిగేదీ అక్కడే. పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లి, కింద పట్టా వేసి తారు పూసిన బుట్ట. దానికి ముందూ వెనకా లేదు. నడిపేవాడి చేతిలో ఒక్క తెడ్డు. బరువు మధ్యలో ఉన్నంతసేపు బాగానే పోతుంది. ఒకవైపు నలుగురు లేచి నిలబడితే అంతే. మన వైపు కృష్ణలో మొసళ్ళున్నాయి. పైన జూరాల గేట్లు ఎత్తితే కింద నది రూపమే మారిపోతుంది.

బంగారం కోసం పుట్టి ఎక్కేవాళ్ళు మన దగ్గర ఉండకపోవచ్చు. బతుకు కోసం ఎక్కేవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఉన్నారు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ నది మధ్యలో ఊరు. నీళ్ళు నిండితే ఆసుపత్రికైనా, బజారుకైనా నీటిదారే. చిన్నంబావి, సోమశిల వైపు చేపలు పట్టేవాళ్ళు, అవతలి గట్టున చుట్టాలున్నవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు... వానలు సరిగ్గా పడని పాలమూరులో రోజు కూలే బంగారం. దానికోసం నీళ్ళు దాటినవాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేమీ కాదు.

2007 జనవరిలో కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట రేవులో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఆ తర్వాత 2017లో విజయవాడ దగ్గర కృష్ణలో, 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవలు మునిగాయి. ప్రతిసారీ నెల రోజులు మాట్లాడుకున్నాం, తర్వాత మరిచిపోయాం. సోమశిల దగ్గర వంతెనకు 2022లో మంజూరు వచ్చింది. వంతెనలు రావాలి, గట్టిగా అడగాలి. కానీ వంతెన కట్టేదాకా పిల్లలు ఎక్కేది పడవే కదా!

"తాతల కాలం నుంచి నడుపుతున్నాడు, నీళ్ళు వాడికి తెలీవా?" అంటారు. తెలుసు, మనకంటే వెయ్యి రెట్లు బాగా తెలుసు. నా మాట పుట్టి నడిపేవాళ్ళ మీద కాదు. "అన్నా, ఇంకొక్కరు పడ్తరు, ఎక్కనియ్యి" అనేది మనమే. చీకటి పడుతున్నా "ఒక్కసారి దింపి రా" అని బతిమాలేది మనమే. ఫోటో కోసం నడినీళ్ళలో లేచి నిలబడేది మన పిల్లలే. అతను కాదంటే కోపం తెచ్చుకునేదీ మనమే. అతని "కాదు"కు మనం తోడు నిలబడితే అతనికీ ధైర్యం.

లైఫ్ జాకెట్ ఖరీదు చిన్న బంగారు ముక్కుపుడకంత కూడా ఉండదు. ముక్కుపుడక లేని ఆడపిల్లను చూస్తే పది మంది అడుగుతారు. జాకెట్ లేకుండా నది మీదకు పోతున్న పిల్లను చూసి ఒక్కరూ అడగరు. "నాకు ఈత వచ్చు" అనే మగవాళ్ళు ఉంటారు. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే, చంకలో పిల్ల ఉంటే, ఏ ఈత పనికొస్తుంది చెప్పండి?

అందుకని నాది ఒక్కటే మాట. ఏటి ఒడ్డు ఊళ్ళలో మన మహిళా సంఘాలు ఉన్నాయి. కుట్టుమిషన్లకు, బర్రెలకు అప్పులు తీసుకుంటున్నాం, నెలనెలా కడుతున్నాం. ఈసారి మీటింగులో రేవు కోసం పది జాకెట్లు కొందామని, అందులో నాలుగు పిల్లల కొలతవి ఉండాలని ఎవరో ఒకరు లేచి అడగండి. రేవు దగ్గరే ఒక పెట్టెలో పెడదాం. జాకెట్లు ఎన్ని ఉంటే ఒక పారికి అంతమందే ఎక్కాలి, మిగతావాళ్ళు తర్వాతి పారికి ఆగాలి. తొందరపడే మగవాళ్ళకు ఆ మాట చెప్పేది కూడా మనమే కావాలి.