బానిసత్వము - సామ్రాజ్యము

సామ్రాజ్యముతో పోరాడి స్వతంత్రమైన దేశము అమెరికా. ఆ దేశమే లక్షలాది మానవులను బానిసలుగా నుంచుకొనెను. పిదప పరదేశములను గూడ తన పాలన క్రిందికి తెచ్చుకొనెను. ఈ వైరుధ్యమును ఆ దేశపు గొప్ప నవలలు ఎంతవరకు చెప్పినవి, ఎచ్చట తడబడినవి? స్వరాజ్యము నార్జించుకొనిన మనకు ఈ ప్రశ్న కేవలము సాహిత్యచర్చ గాదు.

మార్కు ట్వేన్ రచించిన "హకిల్‌బెరీ ఫిన్" 1884లో ఇంగ్లండులోను, 1885లో అమెరికాలోను వెలువడెను. ట్వేన్ బానిసత్వము చట్టసమ్మతమై యుండిన మిస్సోరి రాష్ట్రమున పెరిగినవాడు. కథలో హక్ అను తెల్లబాలుడును, పారిపోయిన జిమ్ అను బానిసయు తెప్పపై మిసిసిపీనదిలో ప్రయాణింతురు. బానిసను యజమానురాలికి పట్టియియ్యకుండుట పాపమని సంఘము ఆ బాలునికి నేర్పెను. తుదకతడు నరకమునకైన సిద్ధపడును గాని మిత్రద్రోహమునకు ఒడంబడడు. అధర్మమును ధర్మముగా బోధించు సంఘమునకు ఇంతకంటె కఠినమైన తీర్పును ఏ న్యాయస్థానమును వ్రాయజాలదు.

కాని తుది అధ్యాయములలో జిమ్ విడుదల టామ్ సాయరుకు వినోదక్రీడ యగును. రెండు నెలల క్రిందటనే యజమానురాలు తన మరణశాసనముచే జిమ్‌కు విముక్తి నొసగినదని అప్పుడు తెలియవచ్చును. బానిస సాహసముతో వెదకిన స్వేచ్ఛ యజమాని దయాభిక్షగా మిగిలెను. స్వాతంత్ర్యము మేమే యిచ్చితిమని చెప్పుకొనని ప్రభువు లెక్కడనున్నారు?

1896లో ట్వేన్ బొంబాయికి వచ్చెను. బసలో ఒక జర్మను దేశస్థుడు భారతీయ సేవకుని చెంపపై కొట్టుట చూచెను. వెంటనే మిస్సోరిలో బానిసలు తినిన దెబ్బలు స్మృతికి వచ్చినవని 1897లో ప్రకటించిన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఒక బానిస స్వల్పమైన పొరపాటునకు ఇనుపరాతి దెబ్బ తిని గంటలో ప్రాణము విడుచుట తాను పదియేండ్ల ప్రాయమున చూచితినని గూడ చెప్పెను. ఇంటిలో బానిసను కొట్టిన చేయియు, పరదేశమున సేవకుని కొట్టిన చేయియు ఒక్కటే. అయినను అదే గ్రంథమున అతడు థగ్గుల నణచిన ఆంగ్లపాలనను మెచ్చుకొనెను. చేతిని గుర్తించెనేగాని, దాని వెనుకనున్న సామ్రాజ్యముపై అతని దృష్టి యింకను నిలువలేదు.

ఆ దృష్టిని ఫిలిప్పీనులు కలిగించినవి. 1898 నాటి స్పెయిను యుద్ధమును అతడు మొదట సమర్థించెను. అమెరికా ఆ ద్వీపములను రెండు కోట్ల డాలర్లకు స్పెయినునుండి తీసికొని, 1899లో అచ్చటి స్వాతంత్ర్యవాదులతో యుద్ధమునకు దిగెను. 1900లో ట్వేన్ తాను సామ్రాజ్యవిరోధినని ప్రకటించెను. 1901 మొదలు 1910లో మరణించువరకు సామ్రాజ్యవిరోధ సంఘమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. 1905లో అతడు వ్రాసిన "యుద్ధప్రార్థన" అతని జీవితకాలమున అచ్చుపడలేదు; 1923లో వెలువడెను.

ఇట్టి రచయిత నవలను నేడేమి చేయవలయును? అందు నల్లజాతివారిని దూషించు పదము రెండు వందలకు పైగా మారులు వచ్చును. ఆ పదము విని తరగతిలో తల వంచుకొను బాలుని బాధ నిజమైనది. అందుచే పుస్తకమును పాఠశాలలనుండి తొలగింపవలెనని కొందరు కోరిరి. 2011లో ఒక ప్రచురణకర్త ఆ పదమును మార్చి ముద్రించెను. నేరమునకు సాక్ష్యమైన దానిని చెరిపివేయుట బాధితునికి న్యాయము గాదని మా అభిప్రాయము.

మేలైన మార్గమును పెర్సివల్ ఎవరెట్టు చూపెను. నల్లజాతీయుడైన ఈ రచయిత 2024లో వెలువడిన "జేమ్స్" నవలలో ఆ కథనే జిమ్ నోట చెప్పించెను. 2025లో దానికి పులిట్జరు బహుమానము లభించినది. అందు జిమ్ ఎవరి మరణశాసనము కొరకును కాచుకొని యుండడు.

మన పఠనమందిరములలో ఈ రెండు నవలలును ప్రక్కప్రక్కన నుండవలయును. మొదటిదానిని తీసివేసినచో రెండవది దేనికి బదులు చెప్పుచున్నదో తెలియదు. రెండవదానిని చదువనిచో మొదటిదానిలో ఎవరి నోరు మూతపడినదో తెలియదు.