కారిడార్ మ్యాపులో తెలుగు వాడ ఎక్కడ?

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో దిగినవారికి తెలుగు వినిపించడం కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చిన కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. వర్క్‌షాపు, పట్టాల పని, పారిశుధ్యం వాళ్ల కష్టం మీదే నడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ప్రకటించింది. సంతోషమే. కానీ ఆ భాష మాట్లాడే దళిత వాడకు అక్కడి నేల మీద హక్కు ఉందా?

ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి. పట్టణ శివార్లలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. టాటా హిటాచి వంటి భారీ పరిశ్రమ అక్కడికి వచ్చింది. 2016 రైల్వే బడ్జెట్ ప్రతిపాదించిన మూడు సరుకు రవాణా కారిడార్లలో రెండు, ముంబైకి ఒకటి, విజయవాడకు ఒకటి, ఖరగ్‌పూర్‌నే ఒక కొసగా పెట్టుకున్నాయి. స్టేషన్‌కూ పార్కుకూ మధ్య నేల ధర పెరగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. అలాంటి చోటికి పట్టణ ప్రణాళికలు తెచ్చే సూత్రం మిశ్రమ వినియోగం. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఇళ్లు, అన్నీ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో. ఈ సూత్రాన్ని మేం వ్యతిరేకించడం లేదు. తెల్లవారకముందే ఊడ్చే పనికి బయలుదేరే ఆడమనిషికి పనికి దగ్గరగా ఇల్లు ఉండటం కన్నా మేలు ఏముంటుంది? అయితే ఆ కలిపేవాటిలో ఆమె ఇల్లు ఉంటుందా అన్నదే మా అనుమానం.

అనుమానానికి ఆధారాలున్నాయి. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కార్గో టెర్మినళ్లు వంటి అవసరాలకు ఇచ్చే రైల్వే భూమి లీజు రుసుమును మార్కెట్ విలువలో ఏటా 6 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించింది. గడువు 35 ఏళ్ల వరకు. రెండేళ్ల ముందు, 2020 ఆగస్టు 31న, ఢిల్లీ పట్టాల పక్కనున్న 48,000 గుడిసెలను మూడు నెలల్లో తొలగించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. రైల్వే భూమి మీద కంపెనీ ఉంటే లీజుదారు, పాకీ పనివాడు ఉంటే ఆక్రమణదారు! హైదరాబాద్ మెట్రోలో ప్రైవేటు నిర్మాణదారుకు వాణిజ్య అభివృద్ధి కోసం ఇచ్చింది 269 ఎకరాలు. స్టేషన్ల పక్కన మాల్స్ లేచాయి. వాటిని శుభ్రం చేసేవాళ్లకు ఇళ్లు ఆ లెక్కలో భాగం కాలేదు.

ఖరగ్‌పూర్‌లో దీనికి మరో ముడి ఉంది. పశ్చిమ బెంగాల్ ఎస్సీ జాబితాలో మాల, మాదిగ, రెల్లి పేర్లు లేవు. రాజ్యాంగం 341వ అధికరణ ఎస్సీ గుర్తింపును రాష్ట్రాల వారీగా ముడిపెట్టింది. ఒక రాష్ట్రంలోని ఆ హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికి కుటుంబం శాశ్వతంగా ఎక్కడ ఉందన్నది ఇందులో కొలమానం. మరి అప్పటికే ఖరగ్‌పూర్ రైల్వేలో స్థిరపడిన రెల్లి కుటుంబం సంగతేమిటి? బెంగాల్ జాబితాలో కులం లేదు, ఆంధ్రలో నివాసం లేదు. అంటరానితనం మాత్రం రైలెక్కి వెంట వచ్చింది, దానికి ఏ ధ్రువపత్రమూ అడగలేదు. పునరావాసంలో ఎస్సీ కోటా పెట్టినా ఈ కుటుంబం దాని బయటే ఉంటుంది. రైల్వే నేల మీద ఉంటే పట్టా ఉండదు. క్వార్టరైతే ఉద్యోగంతో పాటే పోతుంది.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో అంబేడ్కర్ అడిగింది ఇలాంటి ప్రశ్నే. వేలమంది అస్పృశ్యులు గ్యాంగ్‌మన్‌లుగానే ఎందుకు మిగిలిపోతున్నారని నిలదీశారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనన్నది కూడా అక్కడే. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయ భూమిని రాజ్యం చేతిలో ఉంచి, కులభేదం లేకుండా సాగుకివ్వాలని ప్రతిపాదించారు. రైల్వే నేల ఇప్పటికే రాజ్యం చేతిలో ఉంది. దాన్ని ఎవరికిస్తారన్నదే మిగిలింది.

2017 జాతీయ ట్రాన్సిట్ ఆధారిత అభివృద్ధి విధానం ప్రభావిత ప్రాంతంలో అనుమతించే నిర్మాణంలో కనీసం 30 శాతం అందుబాటు ధరల గృహాలకు ఉంచమంది. అది మంచిదే కానీ చాలదు. బ్యాంకు రుణం దొరకని కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు ఎంత తక్కువ ధరకైనా ఫ్లాటు కొనలేదు. ఆమెకు కావలసింది తక్కువ అద్దెకు, ప్రభుత్వ యాజమాన్యంలో ఉండే ఇల్లు. అర్హతకు కుల ధ్రువపత్రం కాక నివాసాన్నీ, చేసే పనినీ ప్రాతిపదిక చేయాలి. ఆ లెక్క రైల్వే, మున్సిపాలిటీ కలిసి తీయాలి, మ్యాపు గీయకముందే తీయాలి. ఇక్కడి విశ్వవిద్యాలయాల విద్యార్థులు, పరిశోధకులు వాడ వాడా తిరిగి సొంతంగా కూడా తీయవచ్చు. ముసాయిదా ప్రణాళిక నోటీసు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ ఆ వాడల గోడలకు అంటించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, 2020లో ఇచ్చిన హోదా చాలు.