క్రోమియం – మన ప్రయోగశాల బాధ్యత

విశాఖపట్నం అనగానే ఎవరికైనా ఉక్కు స్ఫురిస్తుంది. 1966 నాటి ఉద్యమం, 1971 జనవరి 20న జరిగిన శంకుస్థాపన మన విద్యార్థులకు కంఠస్థమైన విషయాలే. కాని ఆ ఉక్కుకు తోడుగా నిలిచే లోహాలను మనం అంతగా తలచుకోము. 1933లో విశాఖ రేవు ప్రారంభమైన నాడు దానికి ముఖ్యమైన సరకు మాంగనీసు ఖనిజం. మన పొరుగున ఉన్న విజయనగరం ప్రాంతంలో ఆ ఖనిజాన్ని 1892లోనే త్రవ్వనారంభించారు. అక్కడి గరివిడిలో వెలసిన ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం మాంగనీసును, ఆ తరువాత క్రోమియంను ఇనుముతో కలిపి మిశ్రలోహాలుగా తయారు చేసింది. ఆ క్రోమియం గురించి, ముఖ్యంగా మన కళాశాల ప్రయోగశాలలో దానికి పడుతున్న గతి గురించి, నాలుగు మాటలు విన్నవించదలచాను.

1797లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వోక్లాఁ సైబీరియా నుండి వచ్చిన ఒక ఎఱ్ఱని ఖనిజంలో ఈ మూలకాన్ని కనుగొన్నాడు. గ్రీకు భాషలో 'క్రోమా' అనగా రంగు. ఆ పేరు సార్థకమైనది. కెంపునకు ఎఱుపునిచ్చేది లేశమాత్రపు క్రోమియమే. లెడ్ క్రోమేటు పసుపు, డైక్రోమేటు నారింజ, క్రోమిక్ లవణాలు ఆకుపచ్చ.

ఒకప్పుడు మన వీధులలో కళాయి వేసే సాయిబుగారి కేక వినబడితే గృహిణులు రాగి, ఇత్తడి గిన్నెలు పట్టుకొని వచ్చేవారు. తగరపు పూత అరిగిపోయిన కొద్దీ మరల వేయించవలసిందే. ఆయన వృత్తిని మూలకు నెట్టినది స్టెయిన్‌లెస్ స్టీలు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాని పైన మిల్లీమీటరులో లక్షవ వంతు కూడా మందం లేని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. సింహాద్రినాథుని స్వరూపాన్ని ఏడాది పొడవునా కప్పి ఉంచే చందనపు పూత మనందరికీ తెలిసినదే. ఉక్కు మీది ఈ పూత మాత్రం కంటికి కనబడదు. పైగా గీత పడితే గాలిలోని ఆక్సిజన్‌తో తనంత తానే పూడుకొంటుంది.

అంగడిలో గిన్నెకు అయస్కాంతం ఆనించి, అంటుకొంటే "ఇది స్టీలు కాదు, ఇనుము" అని తీర్పు చెప్పే పెద్దలున్నారు. ఆ తీర్పు సరికాదు. నికెల్ లేకుండా 16 నుండి 18 శాతం క్రోమియం గల స్టీలు అయస్కాంతానికి అంటుకొంటుంది, అయినా అది తుప్పు పట్టని స్టీలే. నికెల్ ఖర్చు తగ్గించుటకు మాంగనీసు ఎక్కువగా కలిపిన స్టీలు అంటుకోదు, కాని తుప్పును ఎదిరించుటలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల మేలురకానికి సాటి రాదు. సముద్రపు గాలిలోని ఉప్పుకు ఆ మేలురకం కూడా పూర్తిగా ఆగదు. తీరాన కట్టిన మేడల కటకటాలపై గోధుమరంగు చుక్కలు అందుచేతనే వస్తాయి. అక్కడ క్రోమియం వర్గానికే చెందిన మాలిబ్డినంను 2, 3 శాతం చేర్చిన స్టీలు వాడవలెను.

ఇంతవరకు మెరుపు కథ. పాఠ్యపుస్తకంలో మూడు, ఆరు అని కంఠస్థం చేసే సంయోజకతల మధ్య తేడా ప్రాణాలకు సంబంధించినది. మూడు సంయోజకత గల క్రోమియం అంత ప్రమాదకరం కాదు. తోళ్లను పదును చేసేది అదే. ఆరు సంయోజకత గలది నీటిలో సులువుగా కరిగి జీవకణంలోనికి చొచ్చుకొనిపోతుంది, కాన్సరును కలిగిస్తుంది. బంపర్లకు మెరుగు వేసే క్రోమిక్ ఆమ్లపు తొట్ల వద్ద పనిచేసినవారికి ముక్కు దూలానికి రంధ్రాలు పడిన సంగతి వైద్యులకు చిరకాలంగా తెలుసు. తమిళనాడులోని రాణిపేటలో తోళ్ల పరిశ్రమకు రసాయనాలు అందించిన క్రోమేటు కర్మాగారం మూతపడిన తరువాత కూడా దాని వ్యర్థాల గుట్ట లక్షల టన్నుల లెక్కన అక్కడే మిగిలి, చుట్టుపట్ల భూగర్భజలాన్ని పసుపు చేసినది. తోళ్ల వ్యాపారం మన సమాజంలో ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టినది. కనుక ఇది మనకు పరాయి విషయం కాదు.

ఇక మన ప్రయోగశాల. ఫెర్రస్ ఇనుమును డైక్రోమేటుతో అంచనా వేసే ప్రయోగం ముగియగానే బ్యూరెట్టులో మిగిలిన నారింజరంగు ద్రావణాన్ని సింకులో పారబోయుట రివాజుగా ఉన్నది. 0.1 నార్మల్ ద్రావణం 20 మిల్లీలీటర్లలో సుమారు 35 మిల్లీగ్రాముల క్రోమియం ఉంటుంది. త్రాగునీటిలో లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణం. అనగా ఒక విద్యార్థి పారబోసిన ద్రావణం 700 లీటర్ల శుద్ధజలాన్ని ఆ హద్దు వరకు తెచ్చుటకు చాలును. ముప్పది మంది గల తరగతికి 21 వేల లీటర్లు. కొండ దిగువన మన మురుగు ఏదో ఒక గెడ్డలోనే కదా కలిసేది!

ఇంత పెద్ద రేవు, ఇన్ని కర్మాగారాలు ఉన్న ఊరిలో మన చిన్న కళాశాల విడిచే బొట్టు ఏపాటిదని కొందరు మిత్రులంటారు. వారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాని రేపు ఆ కర్మాగారాలలో ఉద్యోగాలకు వెళ్లేది ఈ ప్రయోగశాలలో చేయి తిరిగినవారే. సింకులో పోసే అలవాటును వారు ఇక్కడి నుండే వెంట తీసుకొని వెళ్తారు.

విచిత్రమేమంటే, దీనికి విరుగుడు ఆ ప్రయోగంలోనే ఉన్నది. శంకుకుప్పెలో ఫెర్రస్ ఇనుము చేసే పని ఆరు సంయోజకత క్రోమియంను మూడుకు దించుటయే. మిగిలిన ద్రావణాన్ని ఒక జాడీలో కూర్చి, ఆమ్లయుతంగా ఉంచి, నారింజ వర్ణం పూర్తిగా పోయి ఆకుపచ్చ అయ్యే వరకు ఫెర్రస్ సల్ఫేటు కలిపి, పిదప తడిసున్నం చేర్చితే క్రోమియం అవక్షేపంగా అడుగున దిగుతుంది. ఆ మడ్డిని ఆరబెట్టి సీసాలో భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే అనుమతి గల కేంద్రానికి అప్పగించవలెను.

కళాశాల కమిటీ వారిని కోరునది ఇంతే: మూత గల రెండు పెద్ద జాడీలు, కొన్ని కిలోల ఫెర్రస్ సల్ఫేటు, ఒక బస్తా సున్నం, ఒక రిజిస్టరు. ఎవరు ఎంత పోశారో తేదీతో సహా విద్యార్థులే వ్రాస్తారు. శుద్ధి చేసే పనిని ఉపాధ్యాయుల పర్యవేక్షణలో జరిగే ప్రయోగంగా లెక్కించి రికార్డు పుస్తకంలో మార్కులు ఇవ్వవచ్చును. వచ్చే విద్యాసంవత్సరపు మొదటి ప్రయోగ తరగతికి ముందే ఆ జాడీలు బల్లల మీదికి రావలెనని నా విన్నపం.